టైడీ అంటే శుభ్రమేనా? క్లీన్, నీట్ పదాలకు దీనికి తేడా ఎక్కడుంది?

మీరు అడిగినవి మూడు సంగతులు. డిక్షనరీలో క్లీన్, నీట్, టైడీ మూడింటికీ "శుభ్రమైన" అనే అర్థమే కనిపిస్తోంది, మూడూ ఒకటేనా? ఒకటే అయితే "ఎ టైడీ సమ్ ఆఫ్ మనీ" అంటే శుభ్రమైన డబ్బు అనా? మీ మేనేజర్ మీరు రాసిన రిపోర్టును తిప్పి పంపుతూ "ప్లీజ్ టైడీ ఇట్ అప్" అన్నారు, అంటే ఏం చేయమని? చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నాను, ఇతరులు రాసిన ఇంగ్లిష్‌ను దిద్దుతున్నాను. మన వాళ్లు తేలికైనదని వదిలేసి, తర్వాత ఇబ్బంది పడే మాటల్లో ఇదొకటి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు విషయం. టైడీ అనే మాటకు మురికితో పని లేదు. దాని పట్టింపంతా చోటు గురించే. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే అది టైడీ. క్లీన్ అనే మాటకు చోటుతో పని లేదు. దుమ్ము, మరక, వాసన లేకపోతే చాలు, అది క్లీన్. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే మిగతా వాడుకలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

రెండు గదులు ఊహించుకోండి. మొదటి గదిలో నేల ఇప్పుడే తుడిచారు, అద్దంలా మెరుస్తోంది. కానీ మంచం మీద పుస్తకాలు, కుర్చీ మీద బట్టలు, బల్ల మీద ఛార్జర్లు, కాగితాలు, కళ్లజోడు అన్నీ కలగలిసి ఉన్నాయి. దాన్ని "క్లీన్ బట్ అన్‌టైడీ" అంటారు. రెండో గదిలో పుస్తకాలు వరసగా నిలబడి ఉన్నాయి, బట్టలు మడతపెట్టి బీరువాలో ఉన్నాయి, బల్ల ఖాళీగా ఉంది. కానీ అల్మారా మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడుతుంది. అది "టైడీ బట్ నాట్ క్లీన్". నా విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష చెబుతుంటాను. ఆ గదిని బాగు చేయడానికి చీపురు, గుడ్డ, నీళ్లు కావాలా? అయితే మీకు కావలసిన మాట క్లీన్. ఉత్త చేతులు చాలా? అయితే టైడీ.

నిజానికి తెలుగులో ఈ తేడా మనకు బాగా తెలుసు, క్రియల్లో దాన్ని పాటిస్తాం కూడా. ఊడవడం, తుడవడం, కడగడం, తోమడం ఒక రకం పనులు. సర్దడం వేరే పని. "ఇల్లు ఊడ్చాను గానీ ఇంకా సర్దలేదు" అని ఇంట్లో ఎవరైనా అంటే ఎవరికీ అయోమయం ఉండదు. విశేషణాల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. అక్కడ అన్నిటికీ "శుభ్రంగా" అనో "నీట్‌గా" అనో అనేస్తాం, డిక్షనరీలు కూడా అదే దారి పట్టాయి. కాబట్టి టైడీని గుర్తుపెట్టుకునేటప్పుడు "శుభ్రమైన" అని కాకుండా "సర్ది ఉన్న", "పొందికగా ఉన్న" అని గుర్తుపెట్టుకోండి. అయితే సర్దడం ఉన్న ప్రతిచోటా టైడీ రాదు. ప్రయాణానికి సూట్‌కేస్ సర్దడం ప్యాకింగ్. అవసరానికి డబ్బు సర్దడం అప్పివ్వడం. సర్దుకుపోవడం అడ్జస్ట్ కావడం. వీటిలో ఏదీ టైడీ కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలా వ్యాకరణ పుస్తకాలు దీన్ని పట్టించుకోవు. టైడీ అనడానికి కనీసం కొన్ని భాగాలు ఉండాలి. క్లీన్ వాటర్ ఉంది, క్లీన్ ఎయిర్ ఉంది, క్లీన్ హ్యాండ్స్ ఉన్నాయి. టైడీ వాటర్ అని ఎవరూ అనరు. నీళ్లలో సర్దడానికి ఏముంది? ఒక్క ప్లేటు క్లీన్‌గా ఉండగలదు, కానీ ఒక్క ప్లేటును టైడీ అనలేం. ప్లేట్లన్నీ పేర్చిన షెల్ఫ్‌ను అనొచ్చు. అందుకే ఈ మాట గది, బల్ల, సొరుగు, తోట, జుట్టు, గడ్డం, చేతిరాత లాంటి వాటి పక్కనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇవన్నీ ఎన్నో చిన్న చిన్న భాగాలు కలిసి ఏర్పడినవి. జుట్టులో వెంట్రుకలు, రాతలో అక్షరాలు, తోటలో మొక్కలు. అవి పద్ధతిగా కుదిరితే టైడీ, చెదిరితే అన్‌టైడీ. తలస్నానం చేసిన వెంటనే జుట్టు క్లీన్‌గా ఉంటుంది, దువ్వాకే టైడీ అవుతుంది.

పని చేసే చోటును క్రమంలో ఉంచడానికి జపాన్ ఫ్యాక్టరీల్లో మొదలై ప్రపంచమంతా పాకిన 5ఎస్ పద్ధతి గురించి వినే ఉంటారు. సెయిరి, సెయిటోన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే అని ఐదు దశలు. మొదటిది అక్కర్లేనివి వేరు చేసి తీసేయడం, రెండోది ఉన్నవాటికి చోటు కేటాయించి అక్కడే ఉంచడం. శుభ్రం చేయడం మూడోది, సెయిసో. అక్కడ కూడా సర్దడం, శుభ్రం చేయడం వేర్వేరు పనులు, పైగా సర్దడం ముందు. ఇంగ్లిష్‌లో మొదటి రెండింటిని కలిపితే టైడీయింగ్, మూడోది క్లీనింగ్.

ఇక నీట్. ఇది మనకు బాగా దగ్గరైన మాట. "నీట్‌గా రెడీ అయ్యాడు", "నీట్‌గా చెప్పాడు" అని రోజూ వాడతాం. లాటిన్‌లో మెరిసేది అనే అర్థం ఉన్న నిటిడస్ నుంచి ఫ్రెంచ్ మీదుగా ఇది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. నెట్ ఇన్‌కమ్, నెట్ వెయిట్‌లోని నెట్ కూడా ఆ కుటుంబానికి చెందినదే. మెరుపు నుంచి పుట్టింది కాబట్టి నీట్‌లో చూపుకు ప్రాధాన్యం ఎక్కువ. చూడగానే తీరుగా, ముచ్చటగా, కొలిచి చేసినట్టుగా అనిపించాలి. టైడీలా దీనికి ఎన్నో భాగాలు అక్కర్లేదు. ఒక్క ముడిని నీట్ నాట్ అనొచ్చు, చక్కగా గీసిన ఒక్క వృత్తాన్ని నీట్ సర్కిల్ అనొచ్చు. వీటికి టైడీ అంతగా అతకదు. గది, బల్ల, చేతిరాత, దుస్తులు లాంటి చోట్ల మాత్రం రెండూ నడుస్తాయి. "నీట్ అండ్ టైడీ" అని జంటగా వాడటం కూడా మామూలే. మనుషుల గురించి చెప్పేటప్పుడు "ఎ టైడీ పర్సన్" అంటే ఎక్కువగా అలవాటు గురించి, తీసిన వస్తువును తీసిన చోటే పెట్టే మనిషి అని. "హి లుక్స్ నీట్" అంటే ఆ పూట అతను కనిపిస్తున్న తీరు గురించి.

నీట్‌కు టైడీ పంచుకోని అర్థాలు కొన్ని ఉన్నాయి. నీళ్లు, సోడా కలపని మద్యాన్ని నీట్ అంటారు. తెలివైన ఉపాయాన్ని "ఎ నీట్ ట్రిక్" అంటారు. అమెరికన్లు మాటల్లో "దట్స్ నీట్!" అంటే "భలే ఉంది!" అని. ఈ మూడు చోట్లా నీట్ తీసి టైడీ పెట్టకండి.

మన వాళ్లు ఎక్కువగా తప్పు చేసే చోటు ఇక్కడే ఉంది. సర్దడం అనే అర్థంలో నీట్‌ను క్రియగా వాడరు. తెలుగులో "రూమ్ నీట్ చెయ్" అంటాం కదా అని ఇంగ్లిష్‌లో "ప్లీజ్ నీట్ యువర్ రూమ్" అని రాసేస్తారు. అది తప్పు. "మేక్ ఇట్ నీట్" అనొచ్చు. అంచులు, గీతలు సరిచేయడానికి నీటెన్ అనే క్రియ ఉంది గానీ దాని వాడకం తక్కువ. గది విషయంలో సహజంగా వచ్చే మాట "ప్లీజ్ టైడీ యువర్ రూమ్". టైడీ విశేషణం కూడా, క్రియ కూడా. ఈ సౌలభ్యం కోసమైనా దీన్ని నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

క్రియగా వాడేటప్పుడు దాని వెనక వచ్చే చిన్న మాటను బట్టి అర్థం మారుతుంది. టైడీ అప్ అన్నప్పుడు మన దృష్టి చోటు మీద ఉంటుంది: "టైడీ అప్ ద కిచెన్". టైడీ అవే అన్నప్పుడు దృష్టి వస్తువు మీద ఉంటుంది: "టైడీ అవే యువర్ టాయ్స్", అంటే బొమ్మలు తీసి వాటి చోట పెట్టేయ్ అని. కిచెన్‌ను టైడీ అవే చేయలేం, దాన్ని ఎక్కడికి తీసుకెళ్లి పెడతాం? టైడీ అవుట్ అంటే సొరుగో బీరువానో మొత్తం బయటికి తీసి, పనికిరానివి పారేసి, మిగిలినవి మళ్లీ సర్దడం. ఇది బ్రిటిష్ ఇంగ్లిష్‌లోనే ఎక్కువ.

ఇట్, దెమ్ లాంటి సర్వనామాలు వస్తే అవి మధ్యలోనే కూర్చోవాలి. "టైడీ ఇట్ అప్" సరైనది, "టైడీ అప్ ఇట్" తప్పు. నామవాచకమైతే రెండు వైపులా కుదురుతుంది: "టైడీ అప్ ద రూమ్", "టైడీ ద రూమ్ అప్". స్పెల్లింగ్‌లో చివరి వై అక్షరాన్ని గమనించండి. టైడీస్, టైడీడ్, టైడీయర్, టైడీయెస్ట్, టైడిలీ, టైడీనెస్ అన్నింటిలోనూ వై పోయి ఐ వస్తుంది. టైడీయింగ్‌లో మాత్రం వై అలాగే ఉంటుంది.

మీ మేనేజర్ సంగతికి వస్తాను. రిపోర్టును "టైడీ ఇట్ అప్" అన్నారంటే అందులోని సరుకు బాగానే ఉందని ఆయన అనుకుంటున్నట్టే, కాబట్టి టెన్షన్ పడకండి. కొత్తగా ఏదీ రాయమని అడగలేదు, మీ వాదన మార్చమనీ అడగలేదు. ఉన్నదాన్ని కుదురుగా పెట్టమన్నారు. శీర్షికలన్నీ ఒకే ఫాంట్‌లో, ఒకే సైజులో ఉన్నాయా? పట్టికల నంబర్లు వరస తప్పాయా? తేదీని ఒక చోట ఒక పద్ధతిలో, ఇంకో చోట ఇంకో పద్ధతిలో రాశారా? ఒకే విషయం రెండు పేరాల్లో వచ్చిందా? అచ్చుతప్పులు, పేరాల మధ్య ఎడం, సగంలో ఆగిన వాక్యాలు, ఇవన్నీ చూడండి. అదే "క్లీన్ అప్ ద డేటా" అని ఉంటే అది వేరే పని, తప్పుడు అంకెలు తీసేయమని. "రీవర్క్ దిస్" అని ఉంటే అది పెద్ద పని, మళ్లీ ఆలోచించి రాయమని. ఆఫీసు మెయిళ్లలో ఈ మూడింటి తేడా తెలియక కొందరు చిన్న దిద్దుబాటుకు రోజంతా పెడతారు, ఇంకొందరు పెద్ద మార్పు అడిగితే ఫాంట్ మార్చి పంపేస్తారు.

డేటా అన్నాను కాబట్టి ఇంకో మాట. స్టాటిస్టిక్స్‌లో "టైడీ డేటా" అనేది ఇప్పుడు ఒక సాంకేతిక పదం. గణాంక శాస్త్రవేత్త హ్యాడ్లీ విక్‌హామ్ 2014లో ప్రచురించిన వ్యాసంతో అది బాగా వాడుకలోకి వచ్చింది. ప్రతి చలరాశికి (వేరియబుల్, అంటే వయసు, ఎత్తు లాంటిది) ఒక నిలువు వరస, ప్రతి పరిశీలనకు ఒక అడ్డు వరస, ఒక్కో రకం అంశానికి ఒక్కో పట్టిక. ఇందులో ఎక్కడా విలువలు సరైనవా కావా అన్న ప్రస్తావన లేదు. ఒక పట్టిక ఈ నియమాల ప్రకారం పూర్తిగా టైడీగా ఉండి, అందులో ఒక మనిషి వయసు 430 ఏళ్లు అని ఉండొచ్చు. అప్పుడు అది టైడీ, కానీ క్లీన్ కాదు. దుమ్ము పట్టిన అల్మారాలో పుస్తకాలు వరసగా ఉన్న సంగతి గుర్తుందా, సరిగ్గా అదే తేడా. మాటను ఎంచుకున్నవాళ్లు ఎంత సరిగ్గా ఎంచుకున్నారో చూడండి.

ఇక "ఎ టైడీ సమ్". దీనికి శుభ్రతతోనూ సర్దడంతోనూ సంబంధం లేదు. "బాగానే పెద్ద మొత్తం", "గట్టి మొత్తమే" అని దీని అర్థం. "షి సోల్డ్ ద హౌస్ ఫర్ ఎ టైడీ సమ్" అంటే ఇల్లు అమ్మితే ఆమెకు బాగానే ముట్టిందని. "ఎ టైడీ ప్రాఫిట్" అంటే మంచి లాభం. ఇది మాటల్లో, పత్రికల్లో వాడే తీరు. బ్యాంకు ఉత్తరంలోనో ఒప్పంద పత్రంలోనో వాడకూడదు. డబ్బు మాటలు దాటి దీన్ని సాగదీయకండి కూడా. సమ్, ప్రాఫిట్, ఇన్‌కమ్, ఫార్చ్యూన్, ఈ నాలుగింటి పక్కన పెడితే నిశ్చింతగా ఉండొచ్చు.

ఈ అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ మాట చరిత్ర నిజంగా పనికొస్తుంది. టైడీకి మూలం టైడ్. ఇప్పుడు టైడ్ అంటే సముద్రపు ఆటుపోట్లు గానీ, పాత ఇంగ్లిష్‌లో దాని అర్థం కాలం, వేళ. జర్మన్‌లో కాలాన్ని జైట్ అంటారు, స్వీడిష్‌లో టీద్ అంటారు, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవే. "టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నో మ్యాన్" సామెతలో కూడా మొదట టైడ్ అంటే సముద్రం కాదు, అదను, తరుణం అని. వేళకు వచ్చేవి కాబట్టి ఆటుపోట్లకు తర్వాత ఆ పేరు పడింది. అలా టైడీ అంటే మొదట వేళకు తగినది, అదనుకు వచ్చినది. సరైన కాలంలో వచ్చిన పంట బాగుంటుంది. అందుకని 13వ శతాబ్దం నాటికే దానికి "మంచి స్థితిలో ఉన్న", "ఆరోగ్యంగా ఉన్న" అనే అర్థం కనిపిస్తుంది. ఇవాళ మనం వాడే పొందిక అర్థం 18వ శతాబ్దం ఆరంభంలో గాని రాలేదు. క్రియగా వాడటం, పెద్ద మొత్తానికి వాడటం 19వ శతాబ్దంలో వచ్చాయి. టైడీ సమ్‌లో వినిపించేది ఆ పాత "బాగా ఉన్న" అర్థమే. కొంతమంది "లెక్క చక్కగా కుదిరిన మొత్తం" అని వివరిస్తారు. అది వెనక నుంచి అతికించిన వివరణ, దాన్ని నమ్మనక్కర్లేదు.

ఆ పాత అర్థం వేల్స్ ప్రాంతపు ఇంగ్లిష్‌లో ఇంకా బతికే ఉంది. అక్కడి వాళ్లు ఏదైనా నచ్చితే "టైడీ!" అంటారు, అంటే బాగుంది, భేష్ అని. "టాక్ టైడీ" అంటే సరిగ్గా మాట్లాడు అని. ఆ ప్రాంతం వాళ్లతో మాట్లాడేటప్పుడు దీన్ని సర్దడంగా అర్థం చేసుకోకండి.

క్రికెట్ కామెంటరీ వినేవాళ్లకు "ఎ టైడీ ఓవర్", "టైడీ బిహైండ్ ద స్టంప్స్" పరిచయమే. టైడీ ఓవర్ అంటే వికెట్ పడకపోయినా ఫర్వాలేదు, చెత్త బంతి ఒక్కటీ లేకుండా, పరుగులు పెద్దగా ఇవ్వకుండా వేసిన ఓవర్. బంతి పడాల్సిన చోటే పడింది. బ్రిలియంట్ ఓవర్ వేరు, టైడీ ఓవర్ వేరు. మొదటిదాంట్లో మెరుపు ఉంటుంది, రెండోదాంట్లో క్రమశిక్షణ. వికెట్‌కీపర్ టైడీ అంటే బైలు (బ్యాట్‌కు తగలకుండా వెనక్కి పోయిన బంతికి వచ్చే పరుగులు) ఇవ్వకుండా, తడబడకుండా బంతిని అందుకుంటున్నాడని. ఈ మాటలో మెచ్చుకోలు ఉంది గానీ ఆకాశానికెత్తడం లేదు, ఆ మోతాదు తెలిసి వాడాలి.

రోడ్ల మీద, పార్కుల్లో "కీప్ దిస్ ప్లేస్ టైడీ" అనే బోర్డులు చూసి, చెత్త సంగతి కదా, క్లీన్ అనాలి కదా అని కొందరికి అనుమానం వస్తుంది. అక్కడా చోటే లెక్క. చెత్తకు కూడా ఒక చోటుంది, అది చెత్తబుట్ట. బుట్టలో పడాల్సిన కాగితం దారిలో పడితే ఆ దారి అన్‌టైడీ. బ్రిటన్‌లో 1950ల నుంచి నడుస్తున్న "కీప్ బ్రిటన్ టైడీ" ఉద్యమం గుర్తు ఒక మనిషి చెత్తను బుట్టలో వేస్తున్న బొమ్మ. చీపురు పట్టుకున్న మనిషి బొమ్మ కాదు. ఐర్లండ్‌లో 1958 నుంచి జరుగుతున్న టైడీ టౌన్స్ పోటీ మాత్రం ఇంతకంటే విశాలం. అక్కడ చెత్త లేకపోవడంతో పాటు భవనాలు, పచ్చదనం, వీధుల తీరు అన్నీ చూస్తారు.

నామవాచకంగా కూడా టైడీ ఉంది. బల్ల మీద పెన్నులు, క్లిప్పులు, కత్తెర వేసుకునే చిన్న స్టాండును బ్రిటిష్ వాళ్లు డెస్క్ టైడీ అంటారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ పేరు కనిపిస్తే అదేదో శుభ్రం చేసే మందు అనుకోకండి. "లెట్స్ హ్యావ్ ఎ క్విక్ టైడీ" అన్నా నామవాచకమే, ఒకసారి గబగబా సర్దేద్దాం అని.

కథ ముగింపు, సిద్ధాంతం, పరిష్కారం లాంటి వాటి పక్కన టైడీ వస్తే కాస్త జాగ్రత్తగా చదవండి. "ఎ టైడీ సొల్యూషన్" మెచ్చుకోలే. కానీ "ద ఎండింగ్ ఈజ్ ఎ లిటిల్ టూ టైడీ" అంటే విమర్శ. నిజ జీవితంలో ముడులన్నీ అలా విడిపోవు, రచయిత బలవంతంగా సర్దేశాడు అని. ముందు టూ ఉందా లేదా చూస్తే మెచ్చుకోలో విమర్శో తెలిసిపోతుంది.

అమెరికన్లకు టైడీ అర్థమవుతుంది గానీ రోజువారీ మాటల్లో బ్రిటిష్ వాళ్లంతగా వాడరు. క్లీన్ అప్, పిక్ అప్, స్ట్రెయిటెన్ అప్ అంటారు. అమెరికన్ తల్లి "క్లీన్ యువర్ రూమ్" అంటే చాలాసార్లు ఆమె ఉద్దేశం సర్దమనే. "పిక్ అప్ యువర్ రూమ్" అన్నా నేల మీద పడినవి ఎత్తి సర్దమని. మీరు రాసేది ఎవరి కోసమో చూసుకుని మాట ఎంచుకోండి. భారతీయ, బ్రిటిష్ పాఠకులకు టైడీ అన్ని విధాలా సరిపోతుంది.

వ్యతిరేక పదాలు అడగలేదు గానీ, అవీ తెలిస్తే టైడీ హద్దులు ఇంకా స్పష్టమవుతాయి. అన్‌టైడీ మెత్తని మాట, కొంచెం చెదిరి ఉందని. మెస్సీ అంటే చిందరవందర. దాంట్లో మురికి కూడా ఉండొచ్చు, గది గురించే కాక విడాకులు, గొడవలు లాంటి వాటి గురించీ అంటారు. క్లటర్డ్ అంటే వస్తువులు మరీ ఎక్కువై చోటు చాలకపోవడం. అన్నీ వరసగా పేర్చి ఉన్నా, వస్తువులు మితిమీరితే గది క్లటర్డ్‌గా ఉండొచ్చు. డర్టీ అంటే మురికి, అది క్లీన్‌కు వ్యతిరేకం. ఎవరి ఇంటి గురించైనా చెప్పాల్సి వస్తే డర్టీ చాలా మొరటుగా తగులుతుంది. సర్దలేదనే మీ ఉద్దేశమైతే "ఎ బిట్ అన్‌టైడీ" అనండి, విన్నవాళ్లు నొచ్చుకోరు.